తల ఒకచోట, ఓటు ఒకచోట: పాలమూరు వలస, నియోజకవర్గాల పునర్విభజన

(సురవరం ప్రతాపరెడ్డి స్మృతికి అంకితమైన ప్రసంగ పాఠం)

తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఆవేశంతో జవాబివ్వలేదు, లెక్కతో ఇచ్చారు. 1934లో ఆయన వెలువరించిన ‘గోలకొండ కవుల సంచిక’లో 354 మంది కవులు కనిపించారు. లేరనుకున్నవాళ్ళు ఊరూరా ఉన్నారని, లెక్కించినవాళ్ళే లేరని దానితో తేలిపోయింది.

ప్రతాపరెడ్డి 1896లో నేటి జోగులాంబ గద్వాల జిల్లాలోని బోరవెల్లిలో పుట్టారు. 1926లో ‘గోలకొండ పత్రిక’ను ప్రారంభించారు, 1930లో జోగిపేటలో జరిగిన తొలి ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించారు. 1952 తొలి సార్వత్రిక ఎన్నికల్లో వనపర్తి నుంచి హైదరాబాద్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 175 స్థానాలున్న ఆ సభలో ఏడాదిన్నర కూడా గడపకుండానే 1953 ఆగస్టు 25న కన్నుమూశారు. ఆయన ప్రాతినిధ్యం వహించిన నేలకు రాబోయే సభల్లో ఎన్ని కుర్చీలు దక్కుతాయి, ఆ సంఖ్య దేన్నిబట్టి తేలుతుంది అన్నదే ఈ ప్రసంగ విషయం.

నియోజకవర్గాల పునర్విభజన మాట వస్తే నేడు చర్చంతా ఉత్తరాదికీ దక్షిణాదికీ మధ్య నడుస్తోంది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు లోక్‌సభలో నష్టపోతాయన్న ఆందోళన న్యాయమైనదే. దీనిపైనే 2025 మార్చి 22న చెన్నైలో దక్షిణాది నాయకులు సమావేశమయ్యారు. అయిదు రోజుల తర్వాత తెలంగాణ శాసనసభ, పునర్విభజనకు జనాభా ఒక్కటే కొలమానం కారాదని తీర్మానించింది. అయితే ఇదే ప్రశ్న రాష్ట్రం లోపల కూడా ఉంది. ఢిల్లీ ముందు హైదరాబాద్ వినిపించిన వాదనను హైదరాబాద్ ముందు గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వినిపించవచ్చు. ఇంతవరకూ ఎవరూ గట్టిగా వినిపించలేదు.

2008లో జరిగింది

1971 జనాభా లెక్కల మీద గీసిన సరిహద్దులతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1978 నుంచి 2004 దాకా ఎన్నికలు జరుపుకుంది. ఈలోగా హైదరాబాద్ చుట్టూ ఊళ్ళు కాలనీలయ్యాయి, కాలనీలు మున్సిపాలిటీలయ్యాయి. పాత ఖైరతాబాద్ లాంటి నియోజకవర్గాలు ఒక్కొక్కటీ కొన్ని పల్లె నియోజకవర్గాలంత జనాన్ని మోశాయి. నగర శివారు ఓటరుకు అది అన్యాయమే.

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన డీలిమిటేషన్ కమిషన్ 2001 జనగణన ఆధారంగా ఆ సరిహద్దులను తిరగ్గీసింది. 2008లో అమల్లోకి వచ్చిన ఆ ఉత్తర్వులపై 2009లో తొలి ఎన్నికలు జరిగాయి. రాష్ట్రం మొత్తం సీట్లు 294 దాటకూడదు కనుక ఒకచోట పెరిగితే మరోచోట తగ్గాలి. కోస్తా 134 నుంచి 123కు, రాయలసీమ 53 నుంచి 52కు తగ్గాయి. తెలంగాణ 107 నుంచి 119కి పెరిగింది. తెలంగాణకు పన్నెండు సీట్లు పెరిగాయని అప్పట్లో చెప్పుకున్నారు. ఆ పన్నెండూ ఎక్కడ పెరిగాయో చూస్తే అసలు కథ తెలుస్తుంది. హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల పేర కలిపి 19 సీట్లుండేవి, 29 అయ్యాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాకు ఒక్కటి పెరిగింది, 13 నుంచి 14.

లెక్క తేలికైనదే. 2001లో ఆంధ్రప్రదేశ్ జనాభా 7.62 కోట్లు. 294తో భాగిస్తే సీటుకు సుమారు 2.59 లక్షల మంది. 35.14 లక్షల జనాభా ఉన్న మహబూబ్‌నగర్ జిల్లాకు 13.6, 35.75 లక్షలున్న రంగారెడ్డికి 13.8, 38.30 లక్షలున్న హైదరాబాద్‌కు 14.8 వస్తాయి. దగ్గరి అంకెకు సవరిస్తే 14, 14, 15. కమిషన్ ఇచ్చింది సరిగ్గా అంతే. ఎవరిమీదా కక్ష లేదు, ఎవరిమీదా ప్రేమ లేదు. జనగణన పుస్తకంలో ఏ అంకె ఉంటే ఆ అంకె సీటుగా మారింది. అందుకే ఆ పుస్తకంలోకి అంకె ఎలా చేరుతుందన్నది అన్నిటికంటే పెద్ద ప్రశ్న.

గీత మారితే ఊరి గతి మారుతుంది

గీత మార్పు కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది. ఊళ్ళో దాని ప్రభావం పెద్దది. అమరచింతనే చూడవచ్చు. ఒకప్పటి సంస్థానం, దశాబ్దాల పాటు శాసనసభ నియోజకవర్గం. 2008లో ఆ పేరు జాబితా నుంచి పోయింది. దాని మండలాలు కొత్తగా ఏర్పడ్డ దేవరకద్రకూ, పాత మక్తల్‌కూ పంపకమయ్యాయి. అమరచింత నుంచి గెలిచిన అనుభవమున్న కొత్తకోట దయాకర్‌రెడ్డి 2009లో మక్తల్ నుంచి నెగ్గారు, ఆయన భార్య సీతా దయాకర్‌రెడ్డి దేవరకద్ర నుంచి నెగ్గారు. నాయకులు కొత్త గీతలకు త్వరగానే అలవాటు పడ్డారు. అమరచింత ఊరికి మాత్రం నియోజకవర్గ కేంద్రమన్న హోదా తిరిగి రాలేదు. 2016లో మండలం, ఆ తర్వాత మున్సిపాలిటీ అయింది.

రిజర్వేషన్లూ గీతలతోపాటే కదిలాయి. అప్పటిదాకా జనరల్‌గా ఉన్న ఆలంపూర్ ఎస్సీలకు రిజర్వ్ అయింది. ఎస్సీ స్థానంగా ఉన్న షాద్‌నగర్ జనరల్ అయింది. అచ్చంపేట ఎస్సీ స్థానంగానే కొనసాగింది. ఎస్సీ జనాభా నిష్పత్తి ఎక్కువగా ఉన్న చోట్ల, రాష్ట్రంలో ఒకేచోట కుప్ప పడకుండా సీట్లు కేటాయించాలని చట్టం చెబుతుంది. నగరానికి దగ్గరైన షాద్‌నగర్ భూముల ధరలతో పెరుగుతున్న కాలంలో రిజర్వుడు సీటు అక్కడి నుంచి ఆలంపూర్ ఉన్న నడిగడ్డ ప్రాంతానికి చేరింది. ఆలంపూర్ దళిత రాజకీయాలకు అది కొత్త వాకిలి తెరిచింది.

లోక్‌సభ పటంలోనూ అంతే. 1962లో గద్వాల పేరుతోనే ఒక లోక్‌సభ స్థానం ఉండేది, వనపర్తి సంస్థానానికి చెందిన జె. రామేశ్వర్‌రావు అక్కడి నుంచి గెలిచారు. 1967 నాటికి ఆ పేరు పోయి నాగర్‌కర్నూల్ వచ్చింది. 2008లో మిర్యాలగూడ, సిద్దిపేట, హనుమకొండ స్థానాలు మాయమై మల్కాజిగిరి, చేవెళ్ల, భువనగిరి, జహీరాబాద్ పుట్టాయి. నగరాన్ని ఆనుకుని కొత్తగా వచ్చిన మల్కాజిగిరి, చేవెళ్లలు రెండూ పాలమూరు నాయకుల జీవితాల్లో కనిపిస్తాయి. కల్వకుర్తి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్ళిన ఎస్. జైపాల్‌రెడ్డి 1999, 2004ల్లో మిర్యాలగూడ ఎంపీ. ఆ స్థానమే రద్దవడంతో 2009లో చేవెళ్ల నుంచి గెలిచారు. నాగర్‌కర్నూల్ జిల్లా వంగూరు మండలం కొండారెడ్డిపల్లికి చెందిన రేవంత్‌రెడ్డి 2018లో కొడంగల్‌లో ఓడి, కొద్ది నెలలకే 2019లో మల్కాజిగిరి ఎంపీ అయ్యారు, 2023లో తిరిగి కొడంగల్ నుంచి గెలిచి ముఖ్యమంత్రి అయ్యారు. పాలమూరు నుంచి ఎదిగిన నాయకుడికి నగర శివారులో కొత్త దారి ఏర్పడింది. ఆ దారి పల్లె ఓటరుకు లేదు.

ఒక ఓటు బరువు

2024 లోక్‌సభ ఎన్నికల్లో మల్కాజిగిరిలో 37 లక్షలకు పైగా ఓటర్లున్నారు, దేశంలోనే అతి పెద్ద ఓటర్ల జాబితా. నాగర్‌కర్నూల్‌లో 17 లక్షల పైచిలుకు. రెండు స్థానాలూ ఒక్కో ఎంపీనే పంపాయి. శాసనసభకు వస్తే, 2023లో శేరిలింగంపల్లి ఓటర్లు 7 లక్షలు దాటారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ నియోజకవర్గాలు ఒక్కొక్కటీ రెండు, మూడు లక్షల మధ్యనే ఉన్నాయి. అంటే కాగితం మీద శేరిలింగంపల్లి ఓటరు కంటే గద్వాల ఓటరు బరువు రెట్టింపు మించి ఉంది.

ఈ అంతరాన్ని సమర్థించడం కష్టం. ఒక మనిషికి ఒక ఓటు, ప్రతి ఓటుకూ ఒకే విలువ అన్నది ప్రజాస్వామ్యానికి పునాది. అమెరికాలో టెనెసీ రాష్ట్రం 1901 తర్వాత అరవై ఏళ్ళు సరిహద్దులు ముట్టుకోకపోతే, 1962లో అక్కడి సుప్రీంకోర్టు బేకర్ వర్సెస్ కార్ కేసులో జోక్యానికి తలుపు తెరిచింది. 1964లో అలబామాకు చెందిన రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్ తీర్పు రాష్ట్ర సభలు జనాభా ప్రకారమే ఉండాలని తేల్చింది. పల్లెల పెత్తనం తగ్గింది. లాభం నగరాలకు వస్తుందని అనుకున్నారు గానీ, తర్వాతి దశాబ్దాల్లో నగర నడిబొడ్డు కంటే శివార్లే ఎక్కువ బలపడ్డాయి.

హైదరాబాద్‌లోనూ అదే జరగబోతోంది. 2011 జనగణన ప్రకారం తెలంగాణ జనాభా 3.50 కోట్లు, 119 సీట్లకు సగటు 2.94 లక్షలు. 39.43 లక్షల మంది ఉన్న హైదరాబాద్ జిల్లాకు ఇప్పుడు 15 సీట్లుంటే, ఆ లెక్కన 13కు మించి రావు. 14 సీట్లున్న పాత రంగారెడ్డికి 52.96 లక్షల జనాభాతో 18 రావాలి. పాత పాలమూరు 40.53 లక్షలతో 14 దగ్గరే నిలబడుతుంది. 2001లో దాదాపు సమానంగా ఉన్న రంగారెడ్డి, మహబూబ్‌నగర్ జిల్లాల మధ్య పదేళ్ళలోనే 12 లక్షల తేడా వచ్చింది. అధికారం ప్రవహించే దిక్కు చార్మినార్ కాదు, ఔటర్ రింగ్ రోడ్డు.

ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, 2014లోని 26వ సెక్షన్ తెలంగాణ సీట్లను 119 నుంచి 153కు పెంచాలంటోంది. అయితే ఆ సెక్షనే రాజ్యాంగం 170వ అధికరణానికి లోబడి ఉంది. ఆ అధికరణం 2026 తర్వాతి తొలి జనగణన దాకా ఆగమంటోంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు కూడా ముందస్తు పెంపు కోరిన పిటిషన్‌ను కొట్టేసింది. పెంపు వచ్చిన నాడు ఏమవుతుందో 2011 అంకెలతోనే చూడవచ్చు. సీటుకు సుమారు 2.29 లక్షల సగటున పాత రంగారెడ్డికి 23, హైదరాబాద్‌కు 17, పాత పాలమూరుకు 18 వస్తాయి. అంటే 34 కొత్త సీట్లలో 11 నగరానికీ దాని చుట్టుపక్కలకీ, 4 పాలమూరుకు. మేడ్చల్–మల్కాజిగిరి ఒక్క జిల్లానే తీసుకుంటే 24.40 లక్షల జనాభాకు నేడు అయిదు స్థానాలున్నాయి, అవి పదకొండుకు చేరతాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలూ కలిపి దాదాపు ఇరవైన్నర లక్షలు. నేడు నాగర్‌కర్నూల్ లోక్‌సభ పరిధిలో ఏడు స్థానాలుంటే, ఆ జనాభాకు తొమ్మిది రావాలి. అయిదు, ఏడుగా ఉన్నది పదకొండు, తొమ్మిదిగా మారుతుంది. పల్లె మూడు జిల్లాల మాటను నగరం పక్కనున్న ఒక్క జిల్లా దాటిపోతుంది. ఇవి 2011 లెక్కలు. కొత్త లెక్కల్లో అంతరం ఇంకా పెరిగే అవకాశమే ఎక్కువ.

ఫిబ్రవరి నెల

ఇక్కడే పాలమూరు ప్రత్యేకత ముందుకొస్తుంది. వానాకాలం పంట ఇంటికి చేరగానే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కూలీలు బయల్దేరడం ఈ జిల్లాలో తరాల నాటి మాట. డ్యాములు, కాలువలు, రోడ్లు కట్టడానికి దేశమంతా తిరిగారు. బొంబాయి, పుణె వెళ్ళారు. ఇప్పుడు ఎక్కువ మంది హైదరాబాద్ చుట్టూ లేచే అపార్టుమెంట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉంటున్నారు. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు అందిన ఊళ్ళలో కొందరు నిలదొక్కుకున్నారు. నీళ్ళు అందని తండాల నుంచి బస్సులు నేటికీ నిండుగానే వెళ్తున్నాయి. ఉగాది దాటాక, తొలకరికి ముందు తిరిగొస్తారు.

భారతదేశంలో జనగణన ఎప్పుడు జరుగుతుంది? 2001లోనూ 2011లోనూ ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది, మార్చి 1 ప్రామాణిక తేదీ. వచ్చే జనగణనకూ 2027 మార్చి 1నే ప్రామాణికంగా తీసుకుంటూ కేంద్రం 2025 జూన్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. గణన జరిగే రోజుల్లో ఒక్కరోజైనా సొంత ఊళ్ళో ఉంటే ఆ మనిషి ఊరి లెక్కలోకి వస్తాడు. ఆ రోజులన్నీ బయటే ఉంటే దొరికిన చోటే లెక్కిస్తారు. అంటే పాలమూరు ఊళ్ళు ఎక్కువ ఖాళీగా ఉండే నెలలోనే ఆ ఊళ్ళ తలలు లెక్కకొస్తాయి.

ఓటు సంగతి వేరు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ‘సాధారణ నివాసి’ని ఓటరుగా గుర్తిస్తుంది. తాత్కాలికంగా ఊరు వదిలినంత మాత్రాన ఆ నివాసం పోదని అదే చట్టం చెబుతుంది. అందుకే కూలీ పేరు ఊరి జాబితాలోనే ఉంటుంది, పోలింగ్ నాడు ఊరికి బస్సెక్కి ఓటేసి వస్తాడు. 2024లో నాగర్‌కర్నూల్‌లో దాదాపు 70 శాతం పోలింగ్ జరిగితే మల్కాజిగిరిలో సగానికి కాస్త మించింది. పల్లెలో ఓటుకున్న ఈ గట్టితనం వెనక ఊరికి వచ్చి ఓటేసి వెళ్ళే వలస కుటుంబాలూ ఉన్నాయి.

జనగణన, ఓటరు జాబితాల ఈ రెండు నియమాలూ దేనికది సరైనవే. రెండూ కలిసినచోట ఒక తప్పు పుడుతోంది. సీట్లు జనాభాను బట్టి పంచుతారు, ఓటర్లను బట్టి కాదు. మాధాపూర్ పక్కన షెడ్డులో ఫిబ్రవరిలో లెక్కకొచ్చిన కూలీ తల శేరిలింగంపల్లికి మరో సీటు సంపాదించడానికి పనికొస్తుంది. ఆ సీటులో ఎవరు గెలవాలో చెప్పే ఓటు అతనికి అక్కడ లేదు. అతని ఓటున్న అచ్చంపేటలోనో మక్తల్‌లోనో అతని తల లెక్కలో లేదు. భార్యాపిల్లలతో వెళ్ళిన కుటుంబమైతే నాలుగైదు తలలు ఒకేసారి తరలిపోతాయి. పల్లె ఒక సీటు కోల్పోవడం ఒక నష్టం. పేరు నగరం ఖాతాలో రాసి గొంతు పల్లెలో వదిలేయడం అంతకంటే పెద్ద నష్టం.

ఇలాంటి తప్పును దిద్దిన ఉదాహరణ లోకంలో ఉంది. అమెరికా జనగణన ఖైదీలను జైలున్న చోటే లెక్కిస్తుంది. జైళ్ళు ఎక్కువగా పల్లెల్లో ఉండటంతో, ఓటే లేని ఖైదీల తలలు ఆ పల్లెలకు అదనపు బలమిచ్చేవి. 2010లో మేరీలాండ్, న్యూయార్క్ రాష్ట్రాలు చట్టాలు చేసి, సరిహద్దులు గీసేటప్పుడు ఖైదీని అతని సొంత చిరునామా దగ్గర లెక్కించాయి. అక్కడ నష్టం నగరానిది, ఇక్కడ పల్లెది. సూత్రం ఒకటే: మనిషి బలవంతాన ఉన్న చోటును అతని ఊరుగా తీసుకోకూడదు. పొట్టకూటి కోసం ఆరు నెలలు వెళ్ళే కూలీకీ అది వర్తిస్తుంది.

జపాన్ అనుభవం మరో వైపు చూపిస్తుంది. ఓటు విలువలో తేడా తగ్గించడానికి 2015లో అక్కడ చట్టం మార్చి, ఎగువ సభకు తొట్టోరి–షిమానె, తొకుషిమ–కోచి ప్రిఫెక్చర్లను రెండేసి కలిపి ఒక్కో నియోజకవర్గం చేశారు. జనం తగ్గిన ప్రాంతాలు తమకంటూ ఒక ప్రతినిధి లేకుండా పోయారని నొచ్చుకున్నాయి. సమానత్వం కోసం చేసిన సవరణే కొన్ని ప్రాంతాల ఉనికిని చెరిపేయగలదని అక్కడ తేలింది.

పటం మీద ముక్కలు

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చాయి. మొదటి ముసాయిదాలో గద్వాల లేదు, ఉద్యమించి సాధించుకున్నారు. జిల్లాల గీతలు మారాయి, నియోజకవర్గాల గీతలు 2008 నాటివే మిగిలాయి. దాంతో చిక్కులు పెరిగాయి. వనపర్తి జిల్లాలో కొత్తకోట, మదనాపురం దేవరకద్ర నియోజకవర్గంలో ఉన్నాయి. ఆత్మకూరు, అమరచింత మక్తల్‌లో, పాన్‌గల్, వీపనగండ్ల, చిన్నంబావి కొల్లాపూర్‌లో ఉన్నాయి. ఒకే కలెక్టర్ కింద ఉన్న జనం నలుగురు ఎమ్మెల్యేల చుట్టూ తిరుగుతున్నారు.

కల్వకుర్తిది ఇంకో తీరు. 1989లో ముఖ్యమంత్రి ఎన్టీ రామారావునే ఓడించిన నియోజకవర్గం అది. ఇప్పుడు కల్వకుర్తి, వెల్దండ నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంటే, ఆమనగల్లు, కడ్తాల్, తలకొండపల్లి, మాడ్గుల రంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళాయి. షాద్‌నగర్ పూర్తిగా రంగారెడ్డికి చేరింది. నగరం పాలమూరు ఉత్తరపు అంచును ఇప్పటికే తనలో కలుపుకుంటోంది. వచ్చే పునర్విభజనలో జిల్లా సరిహద్దును పాటిస్తే, ఈ మండలాల జనం నగర శివారు స్థానాల్లో కలుస్తారు. మూడు జిల్లాల పల్లెలు తమలో తాము కొత్తగా సర్దుకోవాలి.

అలా సర్దుకునేటప్పుడు విస్తీర్ణం కూడా చూడాలి. నల్లమలలో అప్పాపూర్ చెంచు పెంట నుంచి అచ్చంపేటకు రావడం కూకట్‌పల్లిలో ఒక కాలనీ నుంచి మరో కాలనీకి పోవడం లాంటిది కాదు. 2002 డీలిమిటేషన్ చట్టం భౌగోళిక స్థితి, పాలనా సరిహద్దులు, రవాణా, ప్రజల సౌకర్యం కూడా చూడమంది. జనాభా సూత్రానికి లోబడే అయినా, అడవికీ నదీతీరానికీ కొంత సడలింపు ఇవ్వడానికి ఆ మాటలే ఆధారం.

చేయాల్సిన పనులు

మొదటిది, జనగణన. గణన రోజుల్లో ఊరికి వచ్చి ఒకటి రెండు రోజులున్నా కుటుంబం ఊరి లెక్కలో నిలుస్తుందని ప్రతి తండాకూ, ప్రతి గుంపు మేస్త్రీకీ తెలియాలి. ఊళ్ళో తాళం వేసిన ఇళ్ళెన్ని, ఆ కుటుంబాలు ఎక్కడున్నాయి అన్న జాబితాలు పంచాయతీలు తయారు చేయాలి. రెండోది, చట్టం. కొత్త కమిషన్ చట్టం పార్లమెంటుకు వచ్చినప్పుడు, కాలానుగుణ వలస కూలీని సొంత ఊరి లెక్కలో చూపే నిబంధన కోరాలి. జనాభా ఒక్కటే కొలమానం కారాదని తీర్మానించిన తెలంగాణ శాసనసభ, ఆ మాటను తన జిల్లాల విషయంలోనూ నిలబెట్టుకోవాలి. మూడోది, స్థానిక సంస్థలు. రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాలను నిధులతో సహా జిల్లా పరిషత్తుకు అప్పగిస్తే, శాసనసభలో రెండు కుర్చీలు తగ్గినా చెరువు పూడికకూ బడి గోడకూ హైదరాబాద్ పోవాల్సిన పని తగ్గుతుంది.

నాలుగోది విచారణ. గత చట్టం ప్రకారం కమిషన్‌కు తోడుగా ప్రతి పెద్ద రాష్ట్రం నుంచి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు అసోసియేట్ సభ్యులుగా కూర్చున్నారు. వారికి ఓటు హక్కు లేదు. నిజంగా వినిపించే అవకాశం ముసాయిదా ప్రకటించాక జరిగే బహిరంగ విచారణలో ప్రజలకే ఉంటుంది, గడువు మాత్రం తక్కువ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బార్ అసోసియేషన్లు, డిగ్రీ కళాశాలలు, రైతు కూలీ సంఘాలు ఆ రోజు కోసం ఇప్పుడే మండలాలవారీ పటాలు గీసి ఉంచాలి. ఆత్మకూరు, అమరచింత ఎటు చేరాలి, పాన్‌గల్ ఎవరితో ఉండాలి, ఆలంపూర్ సరిహద్దు ఎక్కడ ఆగాలి, నల్లమల మండలాలకు ఎంత సడలింపు అడగాలి అన్నవాటికి అంకెలతో కూడిన జవాబులు ఆ విచారణలో సమర్పించాలి.